భుజం కీలు మార్పిడి: ఏ ఇంప్లాంట్, ఎవరికి, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలి మార్పిడి గురించి ఊళ్లో ఎవర్ని అడిగినా ఏదో ఒకటి చెబుతారు. భుజం మార్పిడి చేయించుకున్నవాళ్లు అంత సులువుగా దొరకరు. అందుకే డాక్టరు గదిలోంచి "అనాటమిక్", "రివర్స్", "స్టెమ్‌లెస్" అనే మాటలు మోసుకుని బయటికి వచ్చిన మనిషికి, వాటికి అర్థం చెప్పేవాళ్లూ దొరకరు. ఈ ప్రశ్నలూ జవాబులూ వాళ్ల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం.

భుజంలో అసలు ఏం మారుస్తారు?

భుజాన్ని బంతి–గిన్నె కీలు అంటారు కానీ ఆ గిన్నె పేరుకే గిన్నె. తుంటిలో బంతి గిన్నెలోకి బాగా దిగి కూర్చుంటుంది. భుజంలో ఆ వైభోగం లేదు. బడిలో ఆడే చెంచా–నిమ్మకాయ ఆట గుర్తు తెచ్చుకోండి: చిన్న చెంచా మీద పెద్ద నిమ్మకాయ. దండచేతి ఎముక తల నిమ్మకాయ అయితే, రెక్క ఎముక అంచున ఉండే లోతులేని పళ్లెం చెంచా. నిమ్మకాయ జారిపోకుండా నాలుగు వైపుల నుంచీ పట్టుకునేవి నాలుగు కండరాలు, వాటి టెండన్లు. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ఇంప్లాంట్ల తేడాలన్నీ చివరికి ఈ కఫ్ దగ్గరికీ, ఆ చిన్న చెంచా దగ్గరికీ వచ్చి ఆగుతాయి.

అనాటమిక్ మార్పిడిలో అరిగిన బంతిని కోసి, దాని స్థానంలో కోబాల్ట్–క్రోమ్ బంతిని పెడతారు. దాన్ని మోసే స్టెమ్ (చేతి ఎముక లోపలికి దిగే కాడ) సాధారణంగా టైటానియంతో చేసినది. పళ్లెం మీద కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న పాలిథిలీన్ (ప్లాస్టిక్) ముక్కను సిమెంటుతో అతికిస్తారు. రివర్స్‌లో ఈ అమరిక తలకిందులవుతుంది. రెక్క ఎముకకు ఒక లోహపు పలకను (బేస్‌ప్లేట్) స్క్రూలతో బిగించి, దాని మీద లోహపు అర్ధగోళం పెడతారు. చేతి ఎముక పైన పాలిథిలీన్ గిన్నె కూర్చుంటుంది.

చెయ్యి పైకి లేవట్లేదు, రాత్రి నొప్పి. కీలు మార్చాల్సిందేనా?

ముందు జబ్బు ఏదో తేలాలి. మన దగ్గర షుగర్ ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం చాలా మామూలు. ఆ ఫ్రోజెన్ షోల్డర్‌లోనూ చెయ్యి బయటికి తిరగదు, అరుగుదల ఆర్థరైటిస్‌లోనూ తిరగదు. తేడా ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో బంతికీ పళ్లేనికీ మధ్య ఖాళీ అలాగే ఉంటుంది. ఆర్థరైటిస్‌లో ఆ ఖాళీ మూసుకుపోయి, బంతి కింది అంచున ఎముక కొమ్ములా పెరుగుతుంది. ఫ్రోజెన్ షోల్డర్‌కు కీలు మార్చరు. ఎక్స్‌రే మామూలుగా ముందు నుంచి మాత్రమే తీస్తే కీలు ఖాళీ సరిగా కనబడదు. మనిషిని కాస్త పక్కకు తిప్పి తీసినదీ, చంక వైపు నుంచి తీసినదీ, రెండూ ఉండాలి. చంక ఎక్స్‌రే లేకపోతే బంతి వెనక్కి జారిన సంగతే బయటపడదు.

ఆర్థరైటిస్ అని తేలినా, మాత్రలతో, వ్యాయామంతో, ఒకటి రెండు ఇంజెక్షన్లతో రోజు గడుస్తుంటే తొందర పడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే ఆ తర్వాత 3 నెలల లోపు కీలు మార్పిడి వద్దు. ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

రివర్స్‌లో బంతిని గిన్నె స్థానంలో పెడితే ఏమిటి లాభం?

కఫ్ చిరిగిన భుజంలో చెయ్యి ఎత్తబోతే, పెద్ద కండరం డెల్టాయిడ్ బంతిని పైకి లాగుతుంది. కిందికి అదిమి పట్టాల్సిన కఫ్ లేదు కాబట్టి బంతి పైకి జారి, పైకప్పులా ఉండే ఎక్రోమియన్ ఎముకకు తగులుతుంది. చెయ్యి లేవదు, భుజం మాత్రం ఎగురుతుంది. ఇలాంటి భుజంలో అనాటమిక్ ఇంప్లాంట్ పెడితే కొత్త బంతి కూడా పాత బంతి చేసిన పనే చేస్తుంది.

ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో సర్జన్ పాల్ గ్రామోన్ 1985లో ఈ చిక్కును విప్పారు. తిరుగుడు కేంద్రాన్ని రెక్క ఎముక దగ్గరికి లోపలికి జరిపారు, చేతిని కిందికి దించారు. దాంతో డెల్టాయిడ్‌కు లాగే పట్టు పెరిగింది, కండరం సాగి బిగువు వచ్చింది, కఫ్ లేకుండానే చెయ్యి లేచింది. అంతకు ముందు 1970ల్లో చేసిన రివర్స్ డిజైన్లలో తిరుగుడు కేంద్రం ఎముకకు దూరంగా ఉండేది. ఆ లోడుకు రెక్క ఎముకలోని స్క్రూలు ఊడిపోయేవి. గ్రామోన్ కేంద్రాన్ని సరిగ్గా ఎముక ముఖం మీదికే తెచ్చారు, అందుకే అది నిలిచింది. 1991లో వచ్చిన డెల్టా 3 దీని పరిణత రూపం. అమెరికాలో దీనికి 2003లో గానీ అనుమతి రాలేదు. ఇప్పుడు అక్కడా, ఆస్ట్రేలియాలోనూ అనాటమిక్ కంటే రివర్స్‌లే ఎక్కువ చేస్తున్నారు.

షరతు ఒక్కటే: డెల్టాయిడ్ బతికి ఉండాలి. దాన్ని నడిపే యాక్సిలరీ నరం దెబ్బతిన్న మనిషికి రివర్స్ పనికిరాదు.

నాకు అనాటమిక్కా, రివర్సా? దేన్ని బట్టి తేలుస్తారు?

మూడింటిని బట్టి: కఫ్, పళ్లెం ఎముక, మనిషి. కంపెనీ పేరు వీటి తర్వాత వస్తుంది. దుకాణంలో టీవీ ఎంచుకున్నట్టు "లేటెస్ట్ మోడల్ పెట్టండి" అని అడగడం వల్ల లాభం లేదు.

కఫ్ చెక్కుచెదరకుండా ఉండి, పళ్లెం సమంగా అరిగి, వయసు 70 లోపు అయితే అనాటమిక్ మంచి ఎంపిక. తిరుగుడు సహజంగా ఉంటుంది. నొప్పి బాగా పోతుంది. కఫ్ పెద్దగా చిరిగినా, కండరం కొవ్వుగా మారిపోయినా రివర్స్. ఎమ్మారైలో ఈ కొవ్వు మార్పును 0 నుంచి 4 వరకు గూటాలియే దశలుగా రాస్తారు. 3, 4 దశల్లో కండరం తిరిగి రాదు, కుట్టినా పని చేయదు.

చర్చ అంతా నడిమి గుంపు గురించే: వయసు 70 దాటింది, కఫ్ ఇవాళ బాగానే ఉంది. అనాటమిక్ పెడితే బాగుంటుంది, కానీ 5–10 ఏళ్లలో కఫ్ సన్నబడి చిరిగితే ఇంకో ఆపరేషన్ కావాలి. రివర్స్ పెడితే ఆ బాధ లేదు, కొంత తిరుగుడు పోతుంది. ఈ వయసులో చాలామంది సర్జన్లు ఇప్పుడు రివర్స్ వైపే మొగ్గుతున్నారు. మా మొగ్గూ అటే, ముఖ్యంగా రెండో ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించని వాళ్లలో. అయితే 75 ఏళ్ల వయసులోనూ కఫ్ గట్టిగా, పళ్లెం గుండ్రంగా ఉన్న మనిషికి అనాటమిక్ తప్పేమీ కాదు.

సీటీ రిపోర్టులో "బి2 గ్లెనాయిడ్" అని రాశారు. అంటే?

ఈ పేజీలో అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది ఇదే. ఎందుకంటే అనాటమిక్ మార్పిడి చెడిపోయే దారుల్లో పెద్దది ఇక్కడ మొదలవుతుంది.

ఫ్రెంచ్ సర్జన్ జిల్ వాల్ష్ బృందం 1999లో పళ్లెం (దాన్నే గ్లెనాయిడ్ అంటారు) అరుగుదలను రకాలుగా విడదీసింది. ఎ రకంలో బంతి నడిమధ్యన ఉండి పళ్లెం సమంగా అరుగుతుంది. ఎ1 కొద్దిగా, ఎ2 లోతుగా. బి రకంలో బంతి వెనక్కి జారుతుంది. బి1లో ఖాళీ వెనక వైపు మూసుకుపోతుంది. బి2లో పళ్లెం వెనక సగం అరిగి రెండో గుంట పడుతుంది, అంటే ఒకే పళ్లెంలో రెండు గుంటలు. సి అంటే పుట్టుకతోనే సరిగా ఎదగక వెనక్కి తిరిగి ఉన్న పళ్లెం. 2016లో దీనికి బి3, డి రకాలు కలిపారు. బి3లో పాత గుంట పూర్తిగా అరిగిపోయి, వెనక్కి వాలిన ఒకే గుంట మిగులుతుంది.

బి2లో చిక్కు ఏమిటంటే, ఏళ్ల తరబడి వెనక్కి జారడం బంతికి అలవాటైపోతుంది. ప్లాస్టిక్ పళ్లేన్ని ఆ వాలు మీదే అతికిస్తే కొత్త బంతి కూడా వెనక్కే జారి, ప్లాస్టిక్ వెనక అంచును నొక్కుతుంది. అందుకు నాలుగు దారులు:

ఒకటి, ఎత్తుగా ఉన్న ముందు వైపు ఎముకను తొలిచి సమం చేయడం. వాలు కొద్దిగా ఉంటే ఇది చాలు. దిద్దాల్సింది 10–15 డిగ్రీలు దాటితే తొలిచేకొద్దీ పైనున్న గట్టి ఎముక పొర పోయి కింది మెత్తటి ఎముక బయటపడుతుంది. ఆ మెత్తటి దాని మీద ప్లాస్టిక్ నిలవదు, దాని వెనక ఉండే మేకుల్లాంటి పెగ్గులు ఎముక గోడ దాటి బయటికి పొడుచుకొస్తాయి కూడా.

రెండు, వెనక వైపు మందంగా ఉండే ఆగ్మెంటెడ్ పాలిథిలీన్. ఎముకను తీసేయకుండా లోటును ప్లాస్టిక్‌తో పూడుస్తుంది. మంచి ఆలోచనే, కానీ గిరి గీసినట్టు ఎముకను సిద్ధం చేయాలి.

మూడు, కోసి తీసిన బంతి నుంచే ఎముక ముక్క తీసి అంటు పెట్టడం. అనాటమిక్‌లో ఇది అతుక్కోకపోవడం, కరిగిపోవడం మామూలు.

నాలుగు, కఫ్ బాగున్నా సరే రివర్స్. వాలు బాగా ఎక్కువగా ఉండి, బంతి చాలా మేర వెనక్కి జారి ఉంటే, పెద్ద వయసువాళ్లలో ఇదే నమ్మదగినది. ఎందుకంటే రివర్స్ బేస్‌ప్లేట్ స్క్రూలతో గట్టిగా పట్టుకుంటుంది, బంతి జారే ప్రశ్న అంతగా ఉండదు. అంటు పెట్టిన ఎముక కూడా స్క్రూల బిగింపు కింద బాగా అతుకుతుంది.

సీటీ తీయించేటప్పుడు టెక్నీషియన్‌కు రెండు మాటలు చెప్పించండి: ముక్కల మందం 1 మి.మీ. మించకూడదు, రెక్క ఎముక కింది కొస దాకా పూర్తిగా రావాలి. కీలు దాకా తీసి ఆపేస్తే వాలును కొలిచే ఆధారమే ఉండదు, 3డి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఆ స్కాన్‌ను తీసుకోదు. మళ్లీ తీయించాల్సి వస్తుంది.

అనాటమిక్‌లో ప్లాస్టిక్ పళ్లెం ఎందుకు వదులవుతుంది? ఏ డిజైన్ మేలు?

బంతి పళ్లెం నడుమ తిరిగినంత కాలం అంతా బాగుంటుంది. పైకో వెనక్కో జారితే ఒక అంచు నొక్కుకుపోయి, ఎదుటి అంచు పైకి లేస్తుంది. పిల్లల చెక్క గుర్రం ముందుకూ వెనక్కూ ఊగినట్టు ప్లాస్టిక్ రోజుకు వేలసార్లు ఊగుతుంది. సిమెంటు పట్టు సడలుతుంది. కఫ్ చిరగడం, బంతి మరీ పెద్దది పెట్టడం, బి2 వాలును దిద్దకుండా వదిలేయడం, ఇవన్నీ చివరికి ఈ ఊగుడుకే దారి తీస్తాయి.

పళ్లెం వెనక భాగం రెండు రకాలు. పడవ అడుగులా ఒకే రెక్క ఉండేది కీల్. మూడు నాలుగు మేకుల్లా ఉండేవి పెగ్గులు. ఎక్స్‌రేలో సిమెంటు చుట్టూ నల్లటి గీతలు పెగ్గుల రకంలో తక్కువగా కనబడతాయని పోలిక అధ్యయనాలు చెప్పాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేవి పెగ్గులవే. నడిమి పెగ్గుకు చేప మొప్పల్లాంటి రెక్కలుండి, వాటి మధ్యకు ఎముక పెరిగేలా చేసినవీ ఉన్నాయి.

ప్లాస్టిక్ వెనక లోహపు పలక పెట్టి, సిమెంటు లేకుండా స్క్రూలతో బిగించే మెటల్‌బ్యాక్ పళ్లేలు వినడానికి గట్టివనిపిస్తాయి. ఫలితం అందుకు విరుద్ధం. లోహం చోటు తీసుకోవడంతో ప్లాస్టిక్ పల్చనై త్వరగా అరిగింది, లోహం నుంచి విడిపోయింది. కీలు మార్పిడులను నమోదు చేసే ఆస్ట్రేలియా జాతీయ రిజిస్ట్రీలో వీటికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం పూర్తి ప్లాస్టిక్ వాటికంటే స్పష్టంగా ఎక్కువ. అదే రిజిస్ట్రీలో క్రాస్‌లింక్ చేసిన (అరుగుదల తట్టుకునేలా గట్టిపరచిన) పాలిథిలీన్ మామూలు దానికంటే మేలుగా నిలిచింది. కాబట్టి ఇంకే కారణం లేకపోతే అడగాల్సింది: పూర్తి పాలిథిలీన్, క్రాస్‌లింక్ చేసినది, పెగ్గులవి.

ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. బంతి వంపు, పళ్లెం వంపు ఒక్కటే కాకూడదు. పళ్లెం వ్యాసార్ధం బంతి కంటే 6 నుంచి 10 మి.మీ. దాకా ఎక్కువ ఉంటే సిమెంటు చుట్టూ గీతలు తక్కువని వాల్ష్ బృందం 2002లో చూపింది. సైజు పట్టికను చూసి బంతినీ పళ్లేన్నీ జత చేయడం అందుకే.

పళ్లెం మార్చకుండా బంతి ఒక్కటే మారిస్తే పోలేదా?

అరుగుదల ఆర్థరైటిస్‌లో అంతటితో సరిపోతుంది అనుకోవద్దు. లోహపు బంతి అరిగిన ఎముక మీద రుద్దుకుంటూ దాన్ని ఇంకా తొలుస్తుంది. నొప్పి కొందరిలో పూర్తిగా పోదు, కొన్నేళ్లకు పళ్లెం కోసం మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అప్పటికి పళ్లెంలో ఎముక తక్కువగా మిగులుతుంది. సగం మార్పిడికి ఇంకా చోటున్నది ఎక్కడంటే, రక్తప్రసారం ఆగి బంతి మాత్రమే కుంగిపోయి పళ్లెం బాగున్న భుజంలో. ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లలో, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఇది చూస్తాం.

స్టెమ్ పొడవుది, పొట్టిది, అసలు లేనిది: వీటిలో ఏది?

పొడవు స్టెమ్ పాతకాలపుది, నమ్మకమైనది. దాని ఇబ్బంది తర్వాత తెలుస్తుంది. బరువంతా స్టెమ్ కొస దగ్గర ఎముకకు చేరుతుంది, పై ఎముకకు పని లేక పల్చబడుతుంది. సిమెంటుతో బిగించిన పొడవు స్టెమ్‌ను ఎప్పుడైనా తీయాల్సి వస్తే ఎముకకు కిటికీ కోయక తప్పదు.

పొట్టి స్టెమ్ పై ఎముకలోనే పట్టుకుంటుంది. ఎముక లోపలి ఖాళీని మరీ నింపేసేంత లావుది దిగ్గొడితే దీనిలోనూ పై ఎముక కరగడం కనబడింది. లావు ఎక్కువైతే పట్టు ఎక్కువ అనుకోవడం ఇక్కడ తప్పు.

స్టెమ్‌లెస్ 2004లో ఐరోపాలో వాడుకలోకి వచ్చింది. కోసిన ముఖం మీద ఒక రెక్కల ముక్కను దిగ్గొట్టి, దాని మీద బంతి పెడతారు. రక్తం తక్కువ పోతుంది, తర్వాత పడిపోయినా స్టెమ్ కొస దగ్గర ఎముక విరిగే ముప్పు లేదు, తిరిగి తీయడం తేలిక. గతంలో విరిగి వంకరగా అతికిన ఎముకలో ఇది వరం. అయితే ఎముక గట్టిగా ఉండాలి. సర్జన్ కోసిన ముఖాన్ని బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు దిగబడితే స్టెమ్‌కే వెళ్లాలి. కాబట్టి "స్టెమ్‌లెస్ పెడతాం" అన్న మాట ఆపరేషన్ బల్ల మీద మారవచ్చు. రెండు సెట్లూ థియేటర్లో సిద్ధంగా ఉండాలి.

ఒక మాట తప్పక అడగండి: పెట్టే స్టెమ్ కన్వర్టిబులా? అంటే రేపు కఫ్ చిరిగి రివర్స్‌కు మార్చాల్సి వస్తే స్టెమ్‌ను కదపకుండా పై ముక్క మాత్రమే మార్చే వీలుందా అని. వయసు తక్కువ ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం. స్టెమ్‌ను మరీ ఎత్తులో పెడితే మాత్రం, కన్వర్టిబుల్ అయినా రివర్స్ ముక్కకు చోటు దొరక్క దాన్ని తీయాల్సే వస్తుంది.

రివర్స్‌లో 155, 145, 135 డిగ్రీలు అంటున్నారు. నాకేం తేడా?

అది చేతి ఎముక మీది గిన్నె ఎంత వాలుగా కూర్చుంటుందో చెప్పే కోణం. గ్రామోన్ అసలు డిజైన్ 155. గిన్నె బాగా పైకి చూస్తుంది, పట్టు గట్టిగా ఉంటుంది. కానీ చెయ్యి కిందికి దించినప్పుడల్లా గిన్నె లోపలి అంచు రెక్క ఎముక కింది మెడకు తగులుతుంది. అక్కడ ఎముకలో గాడి పడుతుంది, దాన్నే నాచింగ్ అంటారు. దీనికి ఫ్రెంచ్ సర్జన్ సిర్వో 1 నుంచి 4 తరగతులు చెప్పారు. 1లో గాడి ఎముక అంచుకే పరిమితం. 2లో కింది స్క్రూను తాకుతుంది. 3లో స్క్రూను దాటుతుంది. 4లో బేస్‌ప్లేట్ కిందికే చేరుతుంది.

దీన్ని తగ్గించడానికి వచ్చినవే 145, 135 కోణాలు, బంతిని కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరిపే లాటరలైజ్డ్ డిజైన్లు. అమెరికాలో మార్క్ ఫ్రాంకిల్ లోహంతో బయటికి జరిపారు. ఫ్రాన్స్‌లో పాస్కల్ బువాలో, కోసి తీసిన బంతి నుంచే ఎముక బిళ్ల తీసి బేస్‌ప్లేట్ కింద పెట్టి జరిపారు. బయటికి జరిపితే మిగిలిన కఫ్ కండరాలకు బిగువు వచ్చి చెయ్యి బయటికి బాగా తిరుగుతుంది, నాచింగ్ తగ్గుతుంది. మూల్యం ఏమిటంటే బేస్‌ప్లేట్ మీద ఊడబెరికే బలం పెరుగుతుంది. పైగా డెల్టాయిడ్ మరీ సాగితే ఎక్రోమియన్ ఎముకలో పగులు రావచ్చు. ఎముకలు గుల్లబారిన పెద్దవయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. నెలల తరబడి బాగున్న భుజం పైన ఒక్కసారిగా నొప్పి మొదలై చెయ్యి ఎత్తలేకపోతే దీన్నే అనుమానించాలి. ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు, సీటీ అడగండి.

కోణం కంటే బేస్‌ప్లేట్ ఎక్కడ కూర్చుందన్నదే ముఖ్యం. పళ్లెం కింది అంచుకు సమంగా ఉండాలి, కాస్త కిందికి వాలవచ్చు, పైకి మాత్రం వాలకూడదు. లోహపు బంతి ఎముక కింది అంచు దాటి 2–4 మి.మీ. వేలాడితే గాడి పడే అవకాశం బాగా తగ్గుతుంది. బంతి సైజు చిన్న ఒళ్లువాళ్లకు 36 మి.మీ. దరిదాపు, పెద్ద ఒళ్లువాళ్లకు 40–42. పెద్ద బంతి సులువుగా తొలగిపోదు. మన దగ్గర పొట్టిగా, సన్నగా ఉండే ఆడవాళ్లలో పళ్లెం చిన్నది. బేస్‌ప్లేట్ సైజు సరిపోతుందా అని ముందే సీటీలో కొలిపించాలి.

రివర్స్ తర్వాత చెయ్యి వెనక్కి పోతుందా?

ఈ ప్రశ్నను చాలామంది సిగ్గుపడి అడగరు, ఆపరేషన్ అయ్యాక బాధపడతారు. రివర్స్‌లో చెయ్యి పైకి 120–140 డిగ్రీల దాకా లేవడం మామూలే. తగ్గేది వెనక్కి తిరగడం. జాకెట్టు హుక్కులు వెనక ఉంటే పెట్టుకోలేకపోవడం, వెనక జేబులో పర్సు అందకపోవడం, మలవిసర్జన తర్వాత కడుక్కోలేకపోవడం.

మన అలవాట్లలో ఆ చివరిది ఎడమ చేతి పని. ఎడమ భుజానికి రివర్స్ అనుకుంటే డాక్టరుతో ముందే మాట్లాడండి. ముందు వైపు నుంచి శుభ్రం చేసుకోవడం, హ్యాండ్ ఫాసెట్, నీళ్లు చిమ్మే సీటు, లేదంటే కుడిచేతికి అలవాటు పడటం లాంటివి ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టాలి. రెండు భుజాలూ మార్చాల్సినవాళ్లకు వీలైతే ఒకటి అనాటమిక్‌గా ఉంచాలని కొందరు సర్జన్లు చూడటానికి ఇదీ ఒక కారణం.

వయసు 50 లోపే. ఏం చేయాలి?

తేలికైన జవాబు లేదు. ప్లాస్టిక్ పళ్లేనికి బరువు పనులు చేసే యువ భుజం పెద్ద పరీక్ష. ఒక దారి, పళ్లేన్ని గుండ్రంగా తొలిచి ప్లాస్టిక్ పెట్టకుండా లోహపు బంతి మాత్రమే పెట్టడం. అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడరిక్ మాట్సెన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. నెలల తరబడి పట్టు విడవకుండా వ్యాయామం చేసే మనిషికే ఇది కుదురుతుంది. ఇంకో దారి పైరోకార్బన్ బంతి. గ్రాఫైట్ మీద కార్బన్ పూత ఉన్న ఈ బంతి లోహంలా ఎముకను తొలవదని ఆశ. మూడోది, కన్వర్టిబుల్ లేదా స్టెమ్‌లెస్‌తో అనాటమిక్ చేసి, జీవితంలో ఇంకో ఆపరేషన్ ఉంటుందని ముందే ఒప్పుకోవడం.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంటే?

కఫ్ పల్చగా, ఎముక మెత్తగా, పళ్లెం లోపలికి అరిగి ఉంటుంది. అందుకే ఎక్కువగా రివర్స్. బయోలాజిక్ మందులను ఆపరేషన్ చుట్టూ ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలుపెట్టాలో రుమటాలజిస్టే చెప్పాలి. మెడ ఎక్స్‌రే కూడా తీయించాలి, మత్తు ఇచ్చేటప్పుడు మెడ పూసలు జారే ప్రమాదం ఉంటుంది.

ఆపరేషన్ ఎలా జరుగుతుంది?

మత్తు ఇచ్చి, దానికి తోడు మెడ పక్కన నరాలకు ఇంజెక్షన్ ఇస్తారు. ఈ బ్లాకు వల్ల ఆ వైపు ఊపిరి కండరం కొన్ని గంటలు పని చేయదు. ఆస్తమా, సీఓపీడీ ఉంటే ఈ సంగతి మత్తు డాక్టరుకు తెలియాలి. వాలుకుర్చీలో కూర్చోబెట్టినట్టు పడుకోబెడతారు. భుజం ముందు నుంచి కోత. అనాటమిక్‌లో ముందున్న సబ్‌స్కాపులారిస్ టెండన్‌ను విడదీసి, బంతి పెట్టాక తిరిగి గట్టిగా కుడతారు. ఈ కుట్టు నిలిస్తేనే ఆ భుజం నిలుస్తుంది. బంతిని మనిషి సొంత కోణంలోనే కోయాలి. మందం ఎక్కువైన బంతి పెడితే ఈ కుట్టు మీదే లాగుడు పడి తెగిపోతుంది. అంతా సుమారు రెండు గంటలు, ఆసుపత్రిలో రెండు మూడు రోజులు.

ఇన్ఫెక్షన్ సంగతి?

భుజానిది ప్రత్యేకమైన క్రిమి, క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్. మొటిమల క్రిమి. చర్మం లోతుల్లో ఉంటుంది, పైపైన తుడిస్తే పోదు, మగవాళ్లలో ఎక్కువ. జ్వరం, చీము లేకుండా నెలల తర్వాత కేవలం నొప్పి, బిగుతుగా బయటపడుతుంది. రక్తపరీక్ష మామూలుగా ఉన్నా ఇన్ఫెక్షన్ లేదని తీర్మానించకూడదు. కల్చర్‌ను 14 రోజులు ఉంచాలి. మామూలుగా ఉంచే కొద్ది రోజులకు ఇది పెరగదు, "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది. ఆపరేషన్‌కు రెండు మూడు రోజుల ముందు నుంచి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌ను భుజానికీ చంకకూ రాయమని చాలామంది సర్జన్లు చెబుతారు. అది బట్టల రంగు పోగొడుతుంది, పాత చొక్కా వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు హెచ్‌బిఎ1సి 8 లోపుకు తెచ్చుకున్నాకే తేదీ తీసుకోవడం మేలు.

తర్వాత ఎప్పుడు ఏం చేయొచ్చు?

స్లింగ్ 4 నుంచి 6 వారాలు. ఆ 6 వారాల్లో ఆ చేత్తో టీ కప్పు కంటే బరువు వద్దు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మాత్రం మొదటి రోజు నుంచే కదపాలి.

కింద కూర్చుని చేతి మీద బరువేసి లేవడం ఆపేయాలి. ఇదే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. రివర్స్‌లో బంతి తొలగే భంగిమ సరిగ్గా అదే: చెయ్యి వెనక్కి, ఒంటికి ఆనించి, లోపలికి తిప్పి, దాని మీద బరువు. తొలగడాలు ఎక్కువగా మొదటి 3 నెలల్లోనే జరుగుతాయి. అనాటమిక్‌లో అదే బరువు సబ్‌స్కాపులారిస్ కుట్టును తెంపుతుంది. కాబట్టి 3 నెలలు చేతుల్లేని ఎత్తు కుర్చీ, ఎత్తు మంచం, వెస్టర్న్ కమోడ్. అనాటమిక్ అయితే బరువైన తలుపు లాగడం, చెయ్యి బయటికి బలవంతంగా తిప్పడం కూడా వద్దు.

బలం పెంచే వ్యాయామాలు 10–12 వారాల తర్వాత. కారు నడపడం స్లింగ్ తీసి పట్టు వచ్చాక. స్కూటరు, బైకు 3 నెలల తర్వాతే, అదీ సర్జన్ చూసి సరే అన్నాక. బస్సులో పై కడ్డీ పట్టుకుని వేలాడటం ఎప్పటికీ మంచిది కాదు. పూర్తి ఫలితం తెలియడానికి 6 నెలల నుంచి ఏడాది.

ఎన్నాళ్లు మన్నుతుంది?

పదింట తొమ్మిది భుజాలు పదేళ్లు దాటుతాయి. అనాటమిక్ ఆలస్యంగా చెడుతుంది, పళ్లెం వదులవడమో కఫ్ చిరగడమో కారణం. రివర్స్ చెడితే ఎక్కువగా తొలి నెలల్లోనే, తొలగడమో ఇన్ఫెక్షనో కారణం. నొప్పి లేకపోయినా ఏడాదికో రెండేళ్లకో ఎక్స్‌రే తీయించాలి.

ధర విషయంలో ఏం చూసుకోవాలి?

2017లో కేంద్రం ధర గరిష్ఠ పరిమితి పెట్టింది మోకాలి ఇంప్లాంట్లకు. ఆ లెక్కను భుజానికి అన్వయించుకోవద్దు. బిల్లులో బేస్‌ప్లేట్, బంతి, లైనర్ (ప్లాస్టిక్ గిన్నె), స్టెమ్, ఒక్కో స్క్రూ, సిమెంటు విడివిడిగా పడతాయి. ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతికి ఈ విడి జాబితానే పంపించండి. 3డి గైడ్ (సీటీ కొలతలతో చేసే అచ్చు) ధర అందులో కలిసిందో లేదో కూడా అడగండి.

ఎమ్మారై తీయవచ్చా? ఇంప్లాంట్ కార్డు పోతే?

తీయవచ్చు. ఇప్పటి టైటానియం, కోబాల్ట్–క్రోమ్ ఇంప్లాంట్లకు కంపెనీ చెప్పిన షరతుల మేరకు ఎమ్మారై తీస్తారు. భుజం చుట్టూ బొమ్మ మసకబారుతుంది, అంతే. ఎయిర్‌పోర్టులో బీప్ రావచ్చు.

కార్డు అసలు అవసరం వేరే. పదేళ్ల తర్వాత లైనర్ మార్చాలన్నా, స్టెమ్ తీయాలన్నా, ఆ కంపెనీ ఆ మోడల్‌కే చేసిన పనిముట్లు కావాలి. ఒక కంపెనీ లైనర్ ఇంకో కంపెనీ ట్రేలో (లైనర్‌ను పట్టే లోహపు ముక్కలో) కూర్చోదు. ఎక్స్‌రే చూసి మోడల్ గుర్తుపట్టడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టమే. గుర్తు తెలియకపోతే బాగున్న స్టెమ్‌ను కూడా ఎముక కోసి తీయాల్సి రావచ్చు. ప్రతి ముక్క డబ్బా మీదా కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒక జత కేస్ షీట్‌లో అతికిస్తారు, ఇంకో జతను డిశ్చార్జి సమ్మరీ మీద అతికించమని అడగండి. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ఇంట్లో ఇంకో ఇద్దరికి వాట్సాప్‌లో పంపి ఉంచండి.